రాక ఒకటి, పోక ఒకటి

ఆఫీసులో ఆమెను అందరూ టిక్కులమ్మ అంటారు. మొదట్లో చాటున అనేవాళ్లు, ఇప్పుడు ముఖం మీదే అంటున్నారు. ఆమే పలుకుతోంది కాబట్టి ఇక మొహమాటమెందుకు! పురపాలక సంఘం తరఫున కూడళ్లలోనూ కొట్ల ముందూ స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చేపోయే బండ్లనూ మనుషులనూ లెక్కపెట్టడం ఆమె పని. కుడి అరచేతిలో ఒక కౌంటరు, ఎడమ అరచేతిలో ఇంకొకటి. ఎవరైనా లోపలికి వెళితే కుడి బొటనవేలు నొక్కుతుంది, బయటికి వస్తే ఎడమ బొటనవేలు. టిక్, టిక్. పందొమ్మిదేళ్లుగా ఇంతే. పదకొండు నెలలకోసారి కాంట్రాక్టు కాగితం మారుతుంది గానీ ఆ రెండు వేళ్లూ మారలేదు.

సోమవారం ఉదయం ఆమె లెక్క కాగితాలు అప్పజెప్పడానికి వచ్చేసరికి ప్లానింగు సెక్షను కిటికీ దగ్గర ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. భారీ మనిషి. మోచేతుల దాకా పొయ్యి కాల్చిన మచ్చలు, ఒక కనుబొమ్మ మీద ఇంకా పిండి. రొట్టెలు చేసేవాడని వేరే చెప్పక్కర్లేదు.

"ఆరు వందల ముప్పై రెండా! రోజుకా! నేను పెట్టేది రొట్టెల కొట్టా, రైల్వే స్టేషనా?"

కిటికీ లోపలి గుమాస్తా తల ఎత్తలేదు. "అవి రాకపోకలండీ. మీ కొట్టు వల్ల రోడ్డు మీద పెరిగే రద్దీ. ఎంత రద్దీ పెరిగితే అంత ప్రభావ రుసుము. ఆ డబ్బుతోనే సిగ్నళ్లు పెడతారు, రోడ్లు వెడల్పు చేస్తారు. రెండు వందల చదరపు అడుగుల తినుబండారాల కొట్టుకి పట్టికలో ఏముందో అదే వేశాం."

"రోడ్డు వెడల్పులోనేగా నా పాత షెడ్డు పోయింది? ఇప్పుడు ఆ వెడల్పుకి నేనే డబ్బు కట్టాలా? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అయ్యా, ఆ జనాన్ని తెచ్చి నాకు చూపించండి, మీ రుసుము రెట్టింపు కడతాను!"

"గురువారం లోపు కట్టకపోతే నిర్మాణ అనుమతి రద్దవుతుంది. ఆ తర్వాత మీ ఇష్టం."

రొట్టెలాయన రెండు చేతులతో నోటీసు విప్పి మళ్లీ చూశాడు. ఆ రుసుము కొత్త పొయ్యి ఖరీదును మించిపోయింది. పొయ్యికి ఇప్పటికే బయానా ఇచ్చేశాడు. ఒకటి కడితే రెండోది ఉండదు, పొయ్యి లేకుండా రొట్టెల కొట్టు ఉండదు. ఇదంతా అతను గుమాస్తాకి చెబుతుంటే టిక్కులమ్మ ఊరుకుని ఉండాల్సింది. ఉండలేకపోయింది.

"ఆ పట్టిక గాల్లోంచి ఊడిపడలేదండీ," అంది. "ఆరేళ్ల కిందట ఆ తినుబండారాల కొట్టు లెక్క పెట్టింది నేనే. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా కదలకుండా కూర్చుని పెట్టాను."

అతను ఆమె వైపు తిరిగాడు. పాదాల నుంచి తల దాకా చూశాడు. కోపం ఎటు పోయిందో, గొంతు తగ్గింది.

"అయితే నా పొట్ట కొట్టింది మీరేనా అమ్మా," అన్నాడు.

ఆమెకు చురుక్కుమంది. బదులు చెప్పేలోపే లోపలి తలుపు తెరుచుకుని ప్లానింగు ఆఫీసరు బయటికి వచ్చాడు. నలగని చొక్కా, నలగని ముఖం. ఆ పట్టిక తయారు చేసినవాడు ఆయనే. అప్పుడు చిన్న ఉద్యోగి. పట్టిక అచ్చయ్యాక మెట్లు ఎక్కుతూ పోయాడు.

"నిబంధనల్లో ఒక వీలుంది," అన్నాడు మెత్తగా. "మీ కొట్టులాంటి కొట్టు దగ్గర మళ్లీ లెక్క పెట్టించమని అడగొచ్చు. అడగండి. రేపే పెట్టిస్తాను. గురువారం కమిషనరు గారి ముందు విచారణ ఉంది, అక్కడ తేలిపోతుంది. టిక్కులమ్మ లెక్కకు తిరుగుండదు."

ఆ చివరి మాటకు ఆమె వెన్ను నిటారుగా అయింది. అంతమందిలో ఎవరైనా మెచ్చుకుంటే ఎవరికి బాగుండదు!

ఆ సాయంత్రం ఇంట్లో అదే చెప్పింది. భర్త దూరప్రయాణాల బస్సు డ్రైవరు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్తగారు, మరిది. మరిది పార్శిళ్ల గోడౌనులో మూటలు ఎత్తే పని నుంచి అప్పుడే వచ్చి, నడుముకు దిండు పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"ఆరు వందల ముప్పై రెండు," అన్నాడతను, పాత పరిచయస్తుడి పేరు పలికినట్టు. "టీ కొట్టు పెడదామనుకున్నప్పుడు నాకొచ్చిన కాగితంలోనూ అదేగా వదినా."

"నీది టీ కొట్టు, ఆయనది రొట్టెల కొట్టు. రెండూ ఒకే గడిలోకి వస్తాయి."

"మా గోడౌనుకి రోజూ ఎన్ని లారీలొస్తాయో నాకు తెలుసు. రోడ్డు గుంతలు పడేది వాటి వల్ల. వాళ్ల కాగితంలో ఎంత రాశారో!"

"వాళ్లు సొంత నిపుణుడితో లెక్క పెట్టించుకున్నారు. నువ్వు నా లెక్క మీద ఆధారపడ్డావు. నా లెక్కలో తప్పుండదని అప్పుడే చెప్పాను కదా."

"చెప్పావులే. అందుకేగా ఊరుకున్నాను."

అత్తగారు వంటింట్లోంచే అందుకుంది. "తను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఆవిడ అనకపోతే ఇంకెవరంటారురా! తినండి, చల్లారిపోతోంది."

నవ్వు వచ్చింది ముగ్గురికీ. టిక్కులమ్మ నవ్వుతూనే నోటీసు పట్టుకున్న ఆ పెద్ద చేతులను తలుచుకుంది.

మంగళవారం ఆరింటికల్లా ఆమె ఊరి అవతలి వైపున్న రొట్టెల కొట్టు ఎదుట స్టూలు వేసింది. కొట్టు ముందే కొలిచి చూసుకుంది, రెండు వందల చదరపు అడుగులకు ఒక అడుగు తక్కువ. గుమ్మం ఒక్కటే. ఇలాంటి గుమ్మమంటే ఆమెకు ఇష్టం. ఎవరూ పక్క నుంచి జారిపోలేరు.

బడిపిల్లలు వచ్చారు. టిక్ టిక్ టిక్. వెళ్లారు. ఒక ముసలాయన గుమ్మం మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి యజమానితో పావుగంట కబుర్లాడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. బొటనవేలు అంతసేపూ గాల్లోనే ఉంది. కొత్తవాళ్లయితే నొక్కేసేవాళ్లు. గంటగంటకూ రెండు కౌంటర్లలోని అంకెలనూ కాగితం మీద లోపలికి, బయటికి అనే రెండు గడుల్లో ఎక్కించింది. మధ్యాహ్నం ఎండకు స్టూలు నీడ వెంట జరిపింది గానీ కళ్లు గుమ్మం మీంచి జరపలేదు.

పదకొండింటికే ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. కొట్టు కిటకిటలాడుతోంది, యజమాని చెమట తుడుచుకునే తీరిక లేకుండా ఉన్నాడు, అయినా అంకెలు పరుగెత్తడం లేదు. సాయంత్రం ఏడింటికి కూడింది. లోపలికి నూట అరవై ఒకటి. బయటికి నూట అరవై ఒకటి. మొత్తం మూడు వందల ఇరవై రెండు.

ఇంకోసారి కూడింది. కొట్టు యజమాని దగ్గరికి వెళ్లి అడిగింది. "ఇవాళ వ్యాపారం తక్కువగా ఉందాండీ?"

"తక్కువా!" అన్నాడాయన. "ఇంతకంటే ఎక్కువైతే నేను మంచం పట్టాలి."

ఆమె కాగితం తీసి మూడోసారి కూడింది.

బుధవారం ప్లానింగు ఆఫీసరు ఆమె కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చదివాడు. ఆయన బల్ల మీద అద్దం, అద్దం మీద ఒక ఫైలు, ఆ ఫైలు మీద ఆమె పేరు. కాంట్రాక్టు పొడిగింపు ఫైలు అది. కావాలనే అక్కడ పెట్టాడో, దానంతటదే అక్కడ ఉందో ఆమెకు తెలియలేదు.

"సగం ఎక్కడ పోయింది?" అన్నాడు.

"నేను చూసింది అంతే సార్."

"నిన్న ఎండ ఎక్కువ."

"ఎండకి భయపడి రొట్టె మానేసినవాళ్లు ఎవరూ కనబడలేదు సార్."

ఆయన చిరునవ్వు నవ్వాడు. "చూడు. ఈ పట్టికను ఆరేళ్లుగా వాడుతున్నాం. దీని మీద ఎన్ని కొట్లకు నోటీసులిచ్చామో నీకు తెలుసా? ఒక్క రొట్టెలాయన కోసం దాన్ని కదిపితే మొత్తం మన నెత్తిన పడుతుంది. కింద గమనికల గడి ఖాళీగానే ఉందిగా. ఆ రోజు వ్యాపారం మందకొడిగా ఉంది, ఈ లెక్క మామూలు రోజులకు వర్తించదు అని ఒక ముక్క రాయి. సంతకం పెట్టు."

"మందకొడిగా లేదు సార్. నేను అడిగాను."

"అయితే లెక్కలో నా వల్ల పొరపాటు జరిగి ఉండొచ్చు అని రాయి. ఏదైనా సరే నాకు అభ్యంతరం లేదు." ఆయన ఫైలు అంచును గోటితో సరిచేశాడు. "ఇది కూడా ఇవాళే పంపించాలి. నువ్వు రాసేదాకా ఆగుతాను."

ఆమె తన కాగితం వెనక్కి తీసుకుంది. "రేపు పొద్దున విచారణకు తెస్తాను సార్," అని లేచి వచ్చేసింది.

ఉద్యోగం పోతుందన్న భయం లేదని కాదు. ఆ జీతం ఆగితే ఇల్లు కుంటుతుంది. కానీ బస్సులో కూర్చున్నాక ఆమెను కుదిపేసింది అది కాదు. ఆరేళ్ల కిందటి ఆ రోజు తన వేళ్లే తప్పాయా? పందొమ్మిదేళ్లలో ఎవరికీ, తనకు కూడా, రాని అనుమానం అది.

మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరగానే చెప్పులు విడిచీ విడవకుండానే అడిగింది. "అత్తయ్యా, నా పాత లెక్క కాగితాలు, కార్బన్ కాపీలు, ఎక్కడ?"

"అరల్లో పరిచాను కదమ్మాయ్. డబ్బాల జిడ్డు అంటకుండా ఉంటుందని నువ్వే ఇచ్చావు."

ఆమె డబ్బాలు దించడం మొదలుపెట్టింది. ఉప్పు జాడీ, పంచదార, పప్పుల డబ్బాలు ఒకదాని వెనక ఒకటి నేల మీదికి వచ్చాయి. ఒక్కో కాగితం లేవనెత్తి తారీఖు చూసి పక్కన పెట్టింది. అత్తగారు నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఉన్నట్టుండి ఇల్లు పీకి పందిరేస్తున్నావేమిటి? ఏం పోయింది?"

"ఏం పోయిందో దొరికితే గానీ తెలీదు అత్తయ్యా."

నూనె డబ్బా కింద దొరికింది. డబ్బా అడుగు గుండ్రంగా మరక పడ్డా, నీలం రంగు కార్బన్ అంకెలు చెక్కు చెదరలేదు. గంటగంటకూ రెండు గడులు. లోపలికి నూట యాభై ఎనిమిది. బయటికి నూట యాభై ఎనిమిది. మొత్తం మూడు వందల పదహారు.

ఆమె డబ్బాల మధ్య నేల మీద కూలబడింది. మూడు వందల పదహారుకు రెట్టింపు ఎంతో లెక్క వేయడానికి ఆమెకు కౌంటరు అక్కర్లేదు.

వేళ్లు తప్పలేదు. ఆ రోజు ఆఫీసుకు వెళ్లి ఒక చిన్న చీటీ మీద మొత్తం మాత్రం రాసిచ్చింది, అంతే. రాకలెన్నో పోకలెన్నో విడిగా రాయలేదు. ఆ చీటీ అందుకున్నవాడు ఇప్పటి ప్లానింగు ఆఫీసరే. మూడు వందల పదహారు మంది లోపలికి వెళ్లారనుకున్నాడు. వెళ్లినవాళ్లు తిరిగి రావాలి కదా అని రెండుతో గుణించాడు. బుర్ర తక్కువవాడైతే ఉన్నదున్నట్టు ఎక్కించి ఊరుకునేవాడు. చదువుకున్నవాడు కాబట్టి ఒక మెట్టు ముందుకు ఆలోచించాడు. ఆమె మాత్రం తన లెక్క అచ్చులోకి ఎక్కిందన్న సంబరంతో ఆరేళ్లు గడిపింది గానీ, ఆ అచ్చులో ఏముందో ఒక్కసారీ తెరిచి చూడలేదు. రెండంకెలు రాయడానికి బద్ధకించి ఒక్కటి రాసింది తనే.

కాగితం అడుగున గమనికల గడిలో ఆమె చేతిరాతే, ఒక్క వాక్యం ఉంది. అది చదివి కాగితాన్ని గబుక్కున మడిచేసింది.

"దొరికిందా?" అంది అత్తగారు.

"దొరికింది."

"మరి ఆ ముఖమేమిటి?"

ఆమె డబ్బాలు ఒక్కొక్కటే మళ్లీ ఎక్కించసాగింది. మరిది వచ్చేవేళకు తలనొప్పని చెప్పి పడుకుంది.

గురువారం పదకొండింటికి విచారణ గదిలో నలుగురే ఉన్నారు. పొడుగాటి బల్లకు ఆ చివర కమిషనరు, కళ్లజోడు తలమీదికి తోసుకున్న ఒక నడివయసు ఆవిడ. కుడి పక్కన ప్లానింగు ఆఫీసరు. ఈ చివర ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయిన రొట్టెలాయన, అతని పక్క కుర్చీలో టిక్కులమ్మ. కౌంటర్లు రెండూ ఆమె ఒళ్లో ఉన్నాయి. మడిచిన కాగితం సంచిలో ఉంది.

ఆమె ఇచ్చిన కొత్త లెక్కను ప్లానింగు ఆఫీసరు ముందు తను చూశాడు. గమనికల గడి ఖాళీగానే ఉంది. ఆయన దవడ ఒక్కసారి కదిలింది. కాగితం కమిషనరుకు అందించాడు.

"పట్టికలో ఆరు వందల ముప్పై రెండు. ఈవిడ మూడు వందల ఇరవై రెండు అంటోంది," అంది కమిషనరు. "ఏది తప్పు?"

"ఏదీ తప్పు కాదు మేడమ్," అన్నాడాయన తొణకకుండా. "ఆమె రాకలు మాత్రమే పెట్టి ఉంటుంది. పోకలు కూడా కలిపితే పట్టికకు దగ్గరకొస్తుంది. ఆరేళ్ల కిందట కూడా ఇలాగే తెచ్చింది. అప్పుడు నేనే రెట్టింపు చేసి సరిదిద్దాను."

టిక్కులమ్మ తలెత్తి చూసింది. తను ఎలా మొదలుపెట్టాలా అని రాత్రంతా మథనపడిన మాట, ఆయన నోటి నుంచే, గర్వంగా, బల్ల మీద పడింది.

ఆమె లేచింది. సంచిలోంచి కాగితం తీసి కమిషనరు ముందు పరిచింది. "ఆరేళ్ల కిందటిది మేడమ్. కార్బన్ కాపీ. రాకలు ఒక గడి, పోకలు ఒక గడి. రెండూ కలిపితేనే మూడు వందల పదహారు. కొత్త కాగితంలో కూడా రెండు గడులున్నాయి, చూడండి."

"ఇది ఆఫీసు రికార్డు కాదు," అన్నాడు ప్లానింగు ఆఫీసరు. మొదటిసారి ఆయన ముఖం నలిగింది. "ఎక్కడిది ఇది? ఈ మరకేమిటి?"

"నూనె డబ్బాది సార్."

రొట్టెలాయన దగ్గినట్టు నటించాడు. కమిషనరు నవ్వలేదు. కళ్లజోడు కిందికి దించుకుని అంకెల మీద పెన్ను కదుపుతూ పోయింది. అటెండరు టీ పళ్లెంతో లోపలికి వచ్చి, కప్పులు బల్ల మీద పెట్టి, వెళ్లిపోయాడు.

"ఆ చప్పుడేమిటి?" అంది కమిషనరు తలెత్తకుండానే.

టిక్కులమ్మ చేతుల వైపు చూసుకుంది. ఎప్పుడు తీసుకుందో, కౌంటర్లు రెండూ అరచేతుల్లో ఉన్నాయి. "క్షమించండి మేడమ్. అలవాటు. ఎవరైనా గుమ్మం దాటితే వేలు కదిలిపోతుంది."

"అటెండరుకు ఎన్ని నొక్కారు?"

"రాక ఒకటి, పోక ఒకటి. రెండు మేడమ్."

"పట్టిక ప్రకారం?"

ఆమె ప్లానింగు ఆఫీసరు వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది. "నాలుగు."

ఆ టీ ఎవరూ తాగలేదు. చివరికి కమిషనరు రొట్టెలాయన నోటీసు మీద పాత అంకె కొట్టేసి కొత్త లెక్క రాసి సంతకం చేసింది. "దీని ప్రకారం కట్టండి. మీ అనుమతికి ఇంకో నెల గడువిస్తున్నాను." తర్వాత పట్టిక పుస్తకం మూసి తన వైపుకు లాక్కుంది. "ఈ గడి కింద ఇప్పటిదాకా ఎంతమందికి నోటీసులెళ్లాయో నాకు సోమవారం కల్లా జాబితా కావాలి. కట్టినవాళ్లది, కట్టలేక మానుకున్నవాళ్లది కూడా."

మానుకున్నవాళ్లది అనే మాట వినగానే టిక్కులమ్మ చూపు నేలకు వాలింది.

నడవలో రొట్టెలాయన ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ పెద్ద చేతులతో దండం పెట్టి, గబగబా మెట్లు దిగిపోయాడు. ఆయన వెనకే వచ్చిన ప్లానింగు ఆఫీసరు ఆమె పక్కన ఒక్క క్షణం ఆగాడు.

"ఆఫీసు కాగితాలు మీ వంటింటికి ఎలా చేరాయో రేపటికల్లా రాతపూర్వకంగా ఇవ్వు," అన్నాడు. "నీ ఫైలు సంగతి ఆ తర్వాత చూద్దాం."

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేసరికి మరిది గోడకు ఆనుకుని ఉన్నాడు. భుజం మీద తాడు ఒరుసుకుపోయిన చోట అత్తగారు మందు రాస్తోంది. టిక్కులమ్మ చేతిసంచి పక్కన పెట్టి అతనికి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎప్పుడూ అలా కూర్చోదు. అతను సర్దుకుని కూర్చున్నాడు.

"నీ కొట్టు నేనే మూయించానయ్యా," అంది.

తెరవని కొట్టును మూయించడమేమిటని అత్తగారు అడగబోయింది గానీ, కోడలి ముఖం చూసి ఊరుకుంది. ఆమె మొత్తం చెప్పింది. చీటీ సంగతి, రెట్టింపు సంగతి, తను రాయని రెండంకెల సంగతి, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చింది. పందొమ్మిదేళ్లలో పని గురించి ఆమె ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

మరిది మందు రాసిన భుజం కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ లెక్క పెట్టింది ఏ కొట్టు దగ్గర?" అన్నాడు చివరికి.

"పాత బస్టాండు ఎదురుగా ఉండేది. ఆ టీ కొట్టు."

"నీకు క్యారేజీ తెచ్చింది నేనే కదా ఆ రోజు? అక్కడ టీ తాగాను. బాగుంది, ఇలాంటిదే మనమూ పెడదాం అన్నాను నీతో."

ఆమె కాగితం మడత విప్పి అతని చేతికిచ్చింది. గమనికల గడిలో ఆరేళ్ల కిందటి తన రాత మీద వేలు పెట్టింది. *ఒంటిగంట: మరిది క్యారేజీ తెచ్చి, కొట్టు లోపలికి వెళ్లి వచ్చాడు. లెక్కలో వేశాను.*

"నన్నూ వదల్లేదన్నమాట," అన్నాడతను.

"గుమ్మం దాటావు కదా."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతున్నాడో లేదో తెలియనంత చిన్న నవ్వు. "అయితే పట్టికలో నేను ఇద్దరిని. రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోయాను. నా కొట్టు పెట్టనివ్వనివాళ్లలో నేనూ ఒకడినే."

అత్తగారు మందు సీసా మూత బిగించి లేచింది. వంటింట్లోకి వెళ్లి కాసేపు డబ్బాలు అటూ ఇటూ జరిపిన చప్పుడు చేసి, కాగితాల కట్టతో తిరిగి వచ్చింది. జిడ్డు పట్టినవీ, మరకలు పడినవీ, అరల్లో పరిచినవన్నీ. కోడలి ఒళ్లో పడేసింది.

"ఇంకెన్ని ఉన్నాయో చూసుకో," అంది. "అరలకి వేరే కాగితం కొంటాను."

మరిది ఆ కార్బన్ కాగితాన్ని దాని మడతల మీదే మళ్లీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి, చెమటకు తడుస్తుందని, ఆమెకే ఇచ్చేశాడు.

"నోటీసులిచ్చే ఆ కిటికీ పొద్దున ఎన్నింటికి తెరుస్తారు వదినా?" అన్నాడు.